వీసా వారి చేత చేయించుకోండి, ఊరు మాత్రం మీరే చూడండి

గత దసరా సెలవుల్లో విజయనగరంలోని ఒక ట్రావెల్స్ కార్యాలయం వారి ప్యాకేజీలో నేను, నా భార్య, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి, 68 ఏళ్ళ మా అమ్మ సింగపూర్ వెళ్ళి వచ్చాం. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు. విమానం టిక్కెట్లు, వీసా, హోటలు, ఉదయం ఫలహారం, రెండు రోజుల సందర్శన, ఒకటి రెండు భోజనాలు అన్నీ కలిపి మనిషికి 70 వేల రూపాయలకు కాస్త లోపుగా అయింది. మాలో ఎవరూ అంతకుముందు దేశం దాటినవాళ్ళం కాదు. కార్యాలయం పేరు కావాలనే రాయటం లేదు. మాకు ఎదురైన లోటుపాట్లు ఆ ఒక్కరివే కావని, ఇలాంటి ప్యాకేజీలు చాలావరకు ఒకే అచ్చులో పోసినవని తిరిగి వచ్చాక నలుగురితో మాట్లాడితే తెలిసింది.

నేను బడిపంతుల్ని కాబట్టి ముందే మార్కులు వేసేస్తాను. కాగితాల పనిలో వారికి నూటికి తొంభై. ఊరు చూపించే పనిలో ముప్పై అయిదు, అదీ తప్పించటానికి మనసొప్పక.

కాగితాల పని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే వారికిచ్చిన డబ్బుకు నిజంగా ప్రతిఫలం దక్కింది అక్కడే. సింగపూర్‌కు భారతీయులు ముందుగా వీసా తీసుకోవాలి. ఆ దేశం గుర్తించిన ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేయించుకోవటమే మనబోటి వారికి సులువైన దారి. ప్రభుత్వ రుసుము 30 సింగపూర్ డాలర్లు, ఆపైన ఏజెంటు ఎంత కలిపితే అంత. మనిషికి 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు, తెల్లటి వెనకతెర ఉన్న ఫోటో కావాలి. మా వీధి స్టూడియో అబ్బాయి అభిమానం కొద్దీ అమ్మ ముఖం మీది ముడతలన్నీ తుడిచేసి, రంగు రెండు ఛాయలు పెంచి, నలభై ఏళ్ళ మనిషిని చేసి ఇచ్చాడు. కార్యాలయంలోని యువకుడు ఆ ఫోటోను పాస్‌పోర్టు పక్కన పెట్టి చూసి, "మాస్టారూ, ఇది మీ అక్కగారి ఫోటోనా?" అని మర్యాదగానే అడిగి వెనక్కి ఇచ్చేశాడు. అలా దిద్దిన ఫోటోతోనే దరఖాస్తు పంపేసి ఉంటే తిరస్కరణ తప్పేది కాదని అతని మాట.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంటిపేరుతో వచ్చింది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, ఇంటిపేరూ అసలు పేరూ కలిపి రెండో గడిలో రాసి ఉన్నాయి. మన జిల్లాల్లో ఇలాంటి పాస్‌పోర్టులు కొల్లలు. విమాన టిక్కెట్టు కొనేటప్పుడు రెండు గడులూ నింపితే గాని ముందుకు కదలదు కనుక సొంతంగా కొనేవారు ఏదో ఒకటి నింపేసి, విమానాశ్రయంలో కౌంటరు దగ్గర నీళ్ళు నములుతారు. ఈ యువకుడు టిక్కెట్టు తీయకముందే విమాన సంస్థకు ఫోన్ చేసి, అటువంటి పేరు ఎలా రాయాలో కనుక్కుని, టిక్కెట్టులో, వీసాలో, హోటల్ బుకింగులో ఒకే తీరుగా ఉండేలా చూశాడు. ఈ ఒక్క పనికి నేను వేసిన మార్కులు తొంభైలో నలభై ఉంటాయి. ప్రభుత్వ ఉద్యోగిగా నాకు శాఖ అనుమతి కావాలన్న సంగతి గుర్తుచేసిందీ అతనే. ఆ కాగితం మన బల్లల మీద ఎంత నెమ్మదిగా నడుస్తుందో తెలిసినవారు రెండు నెలల ముందే మొదలుపెట్టాలి.

తగ్గించిన పది మార్కుల లెక్క కూడా చెప్పాలి. సింగపూర్‌లో దిగే ప్రతివారూ ఎస్‌జీ అరైవల్ కార్డు అనే పత్రాన్ని ఆన్‌లైన్‌లో నింపాలి. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు మాత్రమే నింపనిస్తారు, ఆ దేశపు ఇమిగ్రేషన్ శాఖ సైటులో అది పూర్తిగా ఉచితం. దానికి మా దగ్గర మనిషికి 500 రూపాయలు వసూలు చేశారు. నలుగురికి రెండు వేలు. పేరు, పాస్‌పోర్టు నెంబరు, విమానం నెంబరు, హోటల్ చిరునామా చేతిలో ఉంటే పది నిమిషాల పని. అసలు సైటును పోలిన పేర్లతో రుసుము గుంజే సైట్లు కూడా ఉన్నాయి కాబట్టి చిరునామా చూసుకుని నింపండి. రెండోది, విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ పేరిట, అంటే అమ్మేవారే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్నుగా, వసూలు చేసే సొమ్ము మన పాన్ నెంబరు మీద జమ కావాలి, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు కావాలి. "అది పన్ను మాస్టారూ, పోయినట్టే" అని కౌంటరులో ఒక పెద్దమనిషి తేల్చేశాడు. పోయినట్టు కాదు. రసీదులో దాన్ని విడిగా చూపించమని అడగండి.

ప్రయాణం సులభమే. విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల పైచిలుకు. మాది శనివారం రాత్రి బయల్దేరి ఆదివారం తెల్లవారుజామున దిగే విమానం. తక్కువ ఛార్జీల సంస్థ కనుక తిండి, పెద్ద పెట్టె బరువు టిక్కెట్టులో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. మాకు పెట్టె బరువు ఉంది, తిండి లేదు. అమ్మ కట్టిన పులిహోర ఆనందపురం దాటకుండానే అయిపోయింది.

పెట్టెలో ఏం పెట్టుకోకూడదో ప్యాకేజీ కాగితంలో ఎక్కడా లేదు. ఇది చిన్న లోపం కాదు. చూయింగ్ గమ్ మీద నిషేధం 1992 నుంచీ ఉన్నదే కాబట్టి చాలామందికి తెలుసు. ఖైనీ, జర్దా, గుట్కా వంటి నమిలే పొగాకు, ఈ-సిగరెట్లు కూడా నిషిద్ధమే. సిగరెట్లకు సుంకం మినహాయింపు లేదు, ఒక్క పెట్టె ఉన్నా చెప్పి సుంకం కట్టాలి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ చుట్టలకూ అదే లెక్క. కూర మసాలాల్లో వేసే గసగసాలను కూడా అక్కడ మాదకద్రవ్యాల చట్టం కింద చూస్తారు, అందుచేత ఇంట్లో కొట్టిన మసాలా పొడి తీసుకెళ్ళకండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, కొన్ని రకాల నిద్ర మాత్రలు తీసుకెళ్ళాలంటే ముందుగా అనుమతి కావాలి. మాదకద్రవ్యాల రవాణాకు మరణశిక్ష ఉన్న దేశమది.

ఆ మాటకొస్తే మాకు ఎదురైనది వేరే పరీక్ష. మేం వెళ్తున్నామని తెలిసి మా వీధిలో ఒకావిడ అక్కడి షిప్‌యార్డులో పనిచేస్తున్న కొడుక్కి ఇమ్మని బట్టతో కుట్టేసిన పార్సెల్ తెచ్చింది. లోపల ఏముందో విప్పి చూపిస్తే తప్ప తీసుకెళ్ళనని చెప్పాను. ఆవిడ నొచ్చుకుంది. నా భార్య సర్దిచెప్పి కుట్లు విప్పించింది. జంతికలు, కందిపొడి, రెండు తువ్వాళ్ళు, ఒక మసాలా పొట్లం బయటపడ్డాయి. ఆ పొట్లం ఆపేసి తక్కినవి తీసుకెళ్ళాం. ఎంత దగ్గరివారైనా సరే, విప్పి చూడని పార్సెల్ ముట్టుకోవద్దు.

చాంగీ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ పావుగంటలో అయిపోయింది. పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, ప్రవేశ అనుమతి ఈ-మెయిల్‌కు వస్తుంది. అందువల్ల అరైవల్ కార్డులో ఏజెంటు తన ఈ-మెయిల్ పెట్టకుండా మీదే పెట్టమనండి. మా అందరిదీ కార్యాలయం వారి మెయిల్‌కు వెళ్ళింది, ఎన్ని రోజులు ఉండనిచ్చారో తెలుసుకోవటానికి ఆదివారం పూట విజయనగరానికి ఫోన్ చేయాల్సి వచ్చింది.

ప్యాకేజీలోని అసలు లోపం అప్పుడే బయటపడింది. దిగింది ఆరు గంటలకు ముందు, హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు తర్వాత. ఈ ఎనిమిది గంటలు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. భూమధ్యరేఖకు దగ్గరి ఊరే అయినా గడియారాన్ని మనకన్నా రెండున్నర గంటలు ముందుకు పెట్టుకున్నారు కాబట్టి అక్కడ ఏడింటి దాకా తెల్లవారదు. ఒకటో టెర్మినల్‌ను ఆనుకుని జ్యూయెల్ అనే గాజు భవనం ఉంది, అందులో 40 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం ఉందని విని ఆశగా వెళ్ళాం. పొద్దున్న పది పదకొండు దాకా నీళ్ళు వదలరట. పైకప్పు మధ్యలో ఎండిన కంతను చూసి అమ్మ, "ఇదేటి నాయినా, మన వీధి కొళాయిలాగే ఉంది" అంది. తిరుగు విమానం రాత్రిది కావటంతో ఆ రోజు సాయంత్రం తనివితీరా చూశాం. మీరూ దాన్ని చివరి రోజుకే ఉంచుకోండి. దిగగానే సామాను హోటల్లో అప్పగించి పక్కనే ఉన్న పార్కులోనో గుడిలోనో కూర్చోవటం మేలు, గది సిద్ధం కాకపోయినా సామాను ఉంచుకుంటారు.

హోటల్ విషయంలో ఒక హెచ్చరిక. మొదట వీరు చూపించింది గేలాంగ్ ప్రాంతంలోని హోటల్. అక్కడ గదులు చవక కావటానికి కారణం ఉంది. ఆ ప్రాంతంలో కొన్ని సందులు రాత్రిళ్ళు కుటుంబంతో నడిచేవి కావు. అక్కడ ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు ముందే చెప్పటం వల్ల మనిషికి మరో మూడు వేలు కట్టి, మన భారతీయుల దుకాణాలు ఎక్కువగా ఉండే లిటిల్ ఇండియా ప్రాంతానికి మార్పించాను. గది శుభ్రంగా ఉంది, కానీ కిటికీ లేదు. రెండు మంచాలకు మధ్య పెట్టె తెరిస్తే మనిషికి దారి లేదు. కిటికీ ఉన్న గది అని బుకింగులో రాసి ఉంటే తప్ప చవక హోటళ్ళలో కిటికీ ఉంటుందనుకోకూడదని అప్పుడు తెలిసింది. ప్లగ్గులు మూడు చదరపు కాళ్ళ బాపతు, మన ఛార్జర్లు పట్టవు. వాటికి పెట్టే అడాప్టరు ఇక్కడే కొనుక్కుంటే చవక. కొళాయి నీళ్ళు నిక్షేపంగా తాగవచ్చు. సీసా నీళ్ళ మీద మేం మొదటి రోజు తగలేసిన డబ్బు వృథా.

ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియా చూడాలి. ఊరంతా వారపు సెలవు మీద ఉన్న కార్మికులతో సెరంగూన్ రోడ్డు మన పైడితల్లమ్మ జాతరను గుర్తుచేసింది. దీపావళికి ఇంకా వారాలున్నా రోడ్డు పొడవునా దీపాల తోరణాలు కట్టేశారు. మా వీధి ఆవిడ కొడుకు పార్సెల్ కోసం అక్కడికే వచ్చాడు, వెంట ఉద్దానం వైపు వెల్డరు ఒకాయన. ఆయన మమ్మల్ని చూస్తూనే, "ఏటి మాస్టారూ, ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీలో వచ్చీసినారా? డబ్బులెక్కువైపోనాయేటి?" అని నవ్వి, పక్కనే కాఫీ కొట్లో కూర్చోబెట్టి రైలు మ్యాపు విప్పాడు. మేం కొన్న డెబ్బై వేల ప్యాకేజీలో లేని సరుకు ఆయన పావుగంటలో చెప్పాడు.

ఆయన చెప్పిందాని సారం ఇది. విమానాశ్రయం నుంచి ఎమ్మార్టీ అనే అక్కడి మెట్రో రైలెక్కి, మొదటి స్టేషన్ ఎక్స్‌పోలోనే దిగి, నీలిరంగు డౌన్‌టౌన్ లైనుకు మారి, జలాన్ బెసార్‌లో దిగితే లిటిల్ ఇండియా అంచుకు వచ్చినట్టే. అదే లైనులో లిటిల్ ఇండియా పేరుతోనే ఒక స్టేషన్ ఉంది గాని, రైలు ఊరంతా చుట్టి వచ్చి అక్కడికి చేరుతుంది. పేరు చూసి కూర్చుంటే అరగంట వృథా. మేం 30 డాలర్లకు దగ్గరగా టాక్సీకి పోశాం, రైలుకు మనిషికి రెండు డాలర్ల పైచిలుకు అయ్యేది. సింగపూర్ డాలరు మేం మార్చినప్పుడు 66 రూపాయల చుట్టూ ఉంది కాబట్టి తేడా మీరే లెక్కకట్టుకోండి. టిక్కెట్టు కొనక్కర్లేదు, తాకిస్తే పనిచేసే బ్యాంకు కార్డు, వీసా కంపెనీది గానీ మాస్టర్‌కార్డు గానీ, గేటుకు ఆనిస్తే చాలు. కాకపోతే మనిషికో కార్డు ఉండాలి, విదేశీ కార్డుకు వాడిన రోజుకు 60 సెంట్లు అదనంగా పడుతుంది. అన్ని కార్డులు లేనివారు స్టేషన్లో ముందే డబ్బు వేసుకుని వాడే ఈజీ-లింక్ కార్డు కొనుక్కోవచ్చు. దుకాణాల్లో కార్డు గీసేటప్పుడు రూపాయల్లోనా, డాలర్లలోనా అని మిషను అడిగితే డాలర్లే నొక్కాలి, రూపాయలు నొక్కితే మారకంలో నష్టపోతాం.

అమ్మకు ఎస్కలేటరు అంటే భయం. అక్కడివి మన మాల్స్‌లో వాటికన్నా వేగంగా నడుస్తాయి, పైగా నిలబడేవారంతా ఎడమవైపు ఒదిగి, నడిచేవారికి కుడివైపు విడిచిపెట్టాలి. ఆమె మొదటి మెట్టు దగ్గర కొంగు చుట్టుకుని, కాలు పెట్టీ పెట్టక నిలబడిపోతే వెనక జనం కూడిపోయారు గాని ఒక్కరు కూడా విసుక్కోలేదు. తర్వాత తెలిసింది, ప్రతి స్టేషన్లో లిఫ్టు ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు టూరిస్టు బస్సు మెట్లు ఎక్కి దిగటం కన్నా ఈ రైలే సుఖం. రైల్లో తినటం, తాగటం నేరం, జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. మంచినీళ్ళకూ ఇదే నియమం. స్టేషన్ బోర్డుల మీద తమిళం కూడా కనబడుతుంది, ఆ దేశపు నాలుగు అధికార భాషల్లో అదొకటి.

ఇక కార్యాలయం వారి సందర్శన. సోమవారం సిటీ టూర్ అన్నారు. బస్సు హోటళ్ళన్నీ తిరిగి జనాన్ని ఎక్కించుకునేసరికి గంటన్నర గడిచింది. సింహం తల, చేప ఒళ్ళు ఉన్న మెర్లయన్ విగ్రహం దగ్గర ఇరవై నిమిషాలు, ఆ తర్వాత రంగురాళ్ళ నగల దుకాణంలో యాభై అయిదు నిమిషాలు. అమ్మ అక్కడి కుర్చీలో నిద్రపోయింది. మెర్లయన్ చూడటానికి టిక్కెట్టు లేదు, రాఫెల్స్ ప్లేస్ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళవచ్చు. ప్యాకేజీ కాగితంలో గార్డెన్స్ బై ది బే అనే పెద్ద తోటలో లైట్ షో అని ఒక అంశానికి విడిగా ధర కట్టారు. ఆ ఆరుబయట ఆవరణ, అందులోని ఉక్కు మహావృక్షాల మధ్య రోజూ రాత్రి 7.45కు, 8.45కు జరిగే దీపాల ప్రదర్శన అందరికీ ఉచితం. గాజు గుమ్మటాల లోపలి తోటలకే టిక్కెట్టు, ఆ టిక్కెట్టు మా ప్యాకేజీలో లేనే లేదు. ఇంకా విచిత్రం, అదే రోజు రాత్రి భోజనం కూపన్లు 7 గంటలకు ఊరికి మరో మూల ఉన్న హోటల్లో ఇచ్చారు. చల్లారిన పనీరు కూర తిని వచ్చేసరికి రెండు ప్రదర్శనలూ ముగిశాయి.

మంగళవారం సాయంత్రం మేమే వెళ్ళాం. జలాన్ బెసార్‌లో ఎక్కితే మారాల్సిన పని లేకుండా ఆరో స్టేషన్ బేఫ్రంట్. దిగి సొరంగ మార్గం వెంట నడిస్తే తోటలోకే దారి తీస్తుంది. ఏడున్నరకు చేరి, చెట్ల కింద నేల మీదే తువ్వాలు పరిచి వెల్లకిలా పడుకున్నాం. చుట్టూ అందరూ అలాగే పడుకుని ఉన్నారు. 50 మీటర్ల దాకా ఎత్తున్న ఆ చెట్లు పాటకు తగ్గట్టు రంగులు మారుతుంటే, అమ్మ ఆ పావుగంట మాట్లాడలేదు. అయిపోయాక, "మళ్ళీ ఎయ్యరా?" అని అడిగింది. 8.45 దాకా ఉండి రెండోసారి చూసి వచ్చాం. మొత్తం యాత్రలో ఆమె పేరుపెట్టి చెప్పుకునేది దీన్నే. దీనికి అయిన ఖర్చు రైలు ఛార్జీలు.

వినోద కేంద్రాలున్న సెంతోసా దీవి సందర్శనలో చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు. పిల్లలున్నవారికి రోజంతా పడుతుంది, పెద్దవాళ్ళకు పూట చాలు.

తిండి గురించి మనవాళ్ళకు బెంగ ఎక్కువ. లిటిల్ ఇండియాలో బస ఉంటే ఆ బెంగ అక్కర్లేదు. 1947 నుంచీ నడుస్తున్న కోమల విలాస్‌లో దోసె, అన్నం దొరుకుతాయి, టెక్కా సెంటర్‌లో కింద కూరగాయల బజారు, పక్కనే వండి పెట్టే అంగళ్ళు. హాకర్ సెంటర్లు అనే ఈ ఉమ్మడి భోజనశాలల్లో తిన్న పళ్ళెం మనమే తీసి పెట్టాలి, వదిలేసి వస్తే జరిమానా పడవచ్చు. ఖాళీ బల్ల మీద కాగితపు రుమాళ్ళ పొట్లం కనబడితే అది ఎవరో మరిచిపోయినది కాదు, ఆ చోటు పట్టుకున్నారని గుర్తు. మన బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టన్నమాట. శాకాహారులు చైనా, మలయా వంటల్లో ఎండు రొయ్యలు, ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ ఉన్నాయేమో విడిగా అడగాలి, మాంసం లేదంటే శాకాహారమని అర్థం కాదు. కాస్త పెద్ద హోటళ్ళలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటాయి. అంటే బిల్లు మీద 10 శాతం సేవా రుసుము, ఆపైన 9 శాతం పన్ను పడతాయని. మొదటి రాత్రి బిల్లు చూసి నా భార్య కూడికలు తప్పాయని వాదించబోయింది.

గుడి కావాలనుకునేవారు ఫారర్ పార్క్ స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు పొద్దున్నో సాయంత్రమో వెళ్ళాలి, మధ్యాహ్నం మూసేస్తారు. బుధవారం పొద్దున్న బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్ళాం, యునెస్కో 2015లో గుర్తించిన తోట, ఆర్కిడ్ల విభాగానికి తప్ప టిక్కెట్టు లేదు. మధ్యలో ఉన్నట్టుండి వాన పట్టుకుంది. ఏ నెలలో వెళ్ళినా గొడుగు ఉండాలి. ఒకే దుకాణంలో 100 డాలర్లకు తగ్గకుండా కొన్నవారు పన్ను వాపసు గురించి అక్కడే అడిగి, బయల్దేరేటప్పుడు విమానాశ్రయంలోని మిషను దగ్గర పాస్‌పోర్టు పెట్టి తీసుకోవచ్చు. మాకు అంత కొనుగోలు లేదు.

సిరిమానోత్సవం నాటికి ఇంట్లో ఉండాలన్న అమ్మ షరతు నెరవేరింది. టీసీఎస్ పత్రం కోసం మూడుసార్లు ఫోన్ చేసి, చివరికి నేనే కార్యాలయానికి వెళ్ళాను. పత్రం ఇస్తూ ఆ యువకుడే వేసవికి వియత్నాం ప్యాకేజీ కాగితం నా ముందు పెట్టాడు. అందులోంచి హోటలు, బస్సు, భోజనాలు తీసేసి వీసాకు, టిక్కెట్లకు మాత్రమే ఎంతవుతుందో రాసివ్వమన్నాను. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, కాగితం వెనక్కి తిప్పి, ఆ రెండు అంకెలే రాసిచ్చాడు.